రద్దీ రైల్వే కూడలిని కంప్యూటర్‌లో నడపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది రైలు నడిపే ఆట లాంటిదేనా?

కాదు. రైలు నడిపే సిమ్యులేటర్‌లో మీరు ఒక్క రైలుకు డ్రైవరు. కళ్ల ముందు పట్టాలు, చేతి కింద బ్రేకు. ఇక్కడ మీ ముందు ఉండేది మొత్తం కూడలి. ఏ రైలును ఏ ప్లాట్‌ఫారానికి పంపాలి, దేన్ని బయటే ఆపి మరొక దానికి దారి ఇవ్వాలి, మూడు నిమిషాలు ఆలస్యంగా వచ్చిన రైలు తన వెనుక ఎన్నింటిని ఆపేస్తుంది అన్నవే ఇక్కడి ప్రశ్నలు.

ఇందులోనూ రెండు రకాలున్నాయి. ఒకదానిలో మనిషే సిగ్నల్ క్యాబిన్‌లో కూర్చున్నట్టు తెర ముందు కూర్చుని, రైళ్లకు తానే దారులు ఇస్తాడు. రెండోదానిలో నిర్ణయాలన్నీ కంప్యూటరే తీసుకుంటుంది. ఒక ఉదయపు రద్దీని వందసార్లు నడిపి, ఆలస్యాలు ఎలా పాకాయో చూపిస్తుంది. ఈ పేజీలో ఎక్కువగా రెండో రకం గురించే ఉంటుంది. అయితే మొదటి రకంలో కొన్ని వారాలు గడపనివారు రెండోదాన్ని సరిగ్గా రాయలేరని నా నమ్మకం.

ప్లాట్‌ఫారాలు ఎక్కువుంటే ఎక్కువ రైళ్లు పడతాయి కదా, ఇందులో కష్టమేముంది?

అందరూ ముందు ప్లాట్‌ఫారాలే లెక్కపెడతారు. అసలు ఇబ్బంది వాటి ముందు ఉంటుంది. ఊరి వైపు నుంచి వచ్చే నాలుగైదు లైన్లు స్టేషన్ దగ్గర పాయింట్ల (రైలును ఒక లైను నుంచి మరో లైనుకు మళ్లించే కదిలే పట్టాలు) మీదుగా విడిపోయి పది పన్నెండు ప్లాట్‌ఫారాలకు చేరే చోటును స్టేషన్ గొంతు అందాం. లోపలికి వచ్చే ప్రతి రైలూ, బయటికి పోయే ప్రతి రైలూ దాన్ని దాటాల్సిందే.

ఒక చిన్న లెక్క వేద్దాం. రైళ్లు వచ్చి మళ్లీ వెనక్కి తిరిగి పోయే స్టేషన్‌లో 12 ప్లాట్‌ఫారాలు ఉన్నాయి. ఒక్కో రైలు 20 నిమిషాలు నిలుస్తుంది. కాగితం మీద గంటకు 36 రైళ్లు పడతాయి. అంటే గొంతులో 36 రాకలు, 36 పోకలు, మొత్తం 72 కదలికలు. గొంతు పొడవు 600 మీటర్లు, రైలు పొడవు 200 మీటర్లు అనుకుంటే, రైలు తోక గొంతు దాటేసరికి 800 మీటర్ల ప్రయాణం. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో 72 సెకన్లు పడుతుంది. దారి సిద్ధం చేయడానికి, డ్రైవరు సిగ్నల్ చూసి స్పందించడానికి, రైలు దాటాక దారి విడుదల కావడానికి మరో 28 సెకన్లు కలపండి. ఒక్కో కదలికకు 100 సెకన్లు. ఒకేసారి రెండు కదలికలు పక్కపక్కన సాగగలవనుకుంటే గంటకు సరిగ్గా 72. లెక్క సరిపోయింది, కానీ ఒక్క సెకను కూడా మిగల్లేదు.

ఇప్పుడు పాత పాయింట్ల మీద వేగ పరిమితిని 25 కిలోమీటర్లకు మార్చి చూడండి. 72 సెకన్ల ప్రయాణం 115 సెకన్లవుతుంది, మొత్తం 143. గంటకు 50 కదలికలు, అంటే 25 రైళ్లు. ప్లాట్‌ఫారం ఒక్కటీ తగ్గలేదు, పదకొండు రైళ్లు మాయమయ్యాయి. నిజానికి రైలు వేగం మారుతూ ఉంటుంది కాబట్టి ఇది మోటు లెక్కే. అయినా నమూనా కట్టేముందు ఇలాంటి లెక్క ఒకటి కాగితం మీద తప్పక వేసుకోండి. తర్వాత కంప్యూటర్ ఇచ్చే జవాబు దీనికి ఆమడ దూరంలో ఉంటే, ఎక్కడో తప్పు రాశారని వెంటనే తెలిసిపోతుంది.

లండన్ మెట్రోలోని విక్టోరియా లైనులో 2017 నుంచి రద్దీ వేళల్లో గంటకు 36 రైళ్లు, అంటే 100 సెకన్లకొకటి నడుస్తున్నాయి. అక్కడ రైళ్లన్నీ ఒకే రకం, అన్నీ ఒకే లైను మీద వెళ్తాయి, ఒకదాని దారిని మరొకటి అడ్డంగా కోయదు. అదే సంఖ్యను నాలుగు దిక్కుల నుంచి లోకల్ రైళ్లు, దూరప్రాంత రైళ్లు, ఖాళీ రేక్‌లు (ప్రయాణికులు లేని పెట్టెల వరుసలు) వచ్చే కూడలిలో సాధించడం పూర్తిగా వేరే సంగతి. జ్యూరిచ్ ప్రధాన స్టేషన్ కింద 2014లో నేలమాళిగ ప్లాట్‌ఫారాలు, సొరంగ మార్గం తెరిచినప్పుడు వచ్చిన పెద్ద లాభం కూడా ఇదే. అటుగా పోయే రైళ్లు వెనక్కి తిరగకుండా నేరుగా ముందుకు సాగిపోతాయి. వచ్చిన గొంతులోంచే మళ్లీ బయటికి రావాల్సిన అవసరం వాటికి లేదు.

ఇంటర్‌లాకింగ్‌ను ఎంత వివరంగా రాయాలి?

పాయింట్లు, సిగ్నళ్లు ఒకదానికొకటి విరుద్ధంగా కదలకుండా కట్టిపడేసే ఏర్పాటు ఇది. 1856లో జాన్ సాక్స్‌బీ ఈ దిశగా పేటెంటు పొందాడు. పట్టాల్లో కరెంటు పారించి, రైలు ఉందో లేదో చెప్పే ట్రాక్ సర్క్యూట్‌ను 1872లో విలియం రాబిన్సన్ పేటెంటు చేశాడు. ఈ రెండు ఆలోచనల మీదే మీ ప్రోగ్రాం కూడా నిలబడుతుంది. పట్టాల మీది ప్రతి ముక్కా ఖాళీగానో, నిండుగానో, ఎవరికోసమో తాళం వేసి ఉంచిందిగానో ఉంటుంది. నాలుగో స్థితి లేదు.

ఒక్క దారి ఎలా ఏర్పడుతుందో దగ్గరగా చూద్దాం. 7వ ప్లాట్‌ఫారానికి దారి అడిగారు. దారిలోని ముక్కలన్నీ ఖాళీగా ఉన్నాయా, వాటి మీదుగా మరో దారి ఇప్పటికే తాళంలో ఉందా అని వ్యవస్థ చూస్తుంది. తప్పుగా ఉన్న పాయింట్లకు కరెంటు వెళ్తుంది. మోటారు తిరిగి, కొన్ని సెకన్లలో పట్టా నాలుక అటు నుంచి ఇటు జరిగి గట్టిగా అతుక్కుంటుంది. అతుక్కున్నట్టు రుజువు వచ్చాకే తాళం పడుతుంది, ఆ తర్వాతే సిగ్నల్ మారుతుంది. రైలు ముందు చక్రాలు సిగ్నల్ దాటగానే అది మళ్లీ ఎరుపవుతుంది. చివరి పెట్టె మొదటి పాయింట్లు దాటగానే ఆ ముక్క తాళం ఊడుతుంది. రైలు ఇంకా ప్లాట్‌ఫారం చేరలేదు, అయినా దాని వెనుక మరో రైలుకు దారి వేయవచ్చు.

ఈ చివరి మెట్టును, అంటే ముక్కముక్కగా విడుదల కావడాన్ని, మొదటిసారి రాసేవారు దాదాపు అందరూ వదిలేస్తారు. దారి మొత్తాన్ని రైలు ఆగేదాకా పట్టి ఉంచుతారు. అప్పుడు మీ స్టేషన్ నిజం కంటే చాలా నెమ్మదిగా కనిపిస్తుంది, తప్పు టైంటేబుల్‌దని అనుకుంటారు.

మరో రెండు సంగతులు మరువకండి. ఎరుపు సిగ్నల్ దాటి కొంత దూరం అదనంగా ఖాళీ ఉంచుతారు. బ్రిటన్‌లో సాధారణంగా 180 మీటర్లు. గొంతులో ఈ అదనపు దూరం పక్క దారి పాయింట్ల మీద పడి, చూడ్డానికి సంబంధం లేని రైలును ఆపేస్తుంది. రెండోది, దగ్గరికి వచ్చేసిన రైలు ముందు దారిని రద్దు చేస్తే తాళం వెంటనే ఊడదు. సాధారణంగా రెండు నిమిషాలు, కొన్ని చోట్ల అంతకంటే ఎక్కువసేపు ఆగాలి. తొందరపడి మనసు మార్చుకున్న నియంత్రికుడు ఆ రెండు నిమిషాలూ చేతులు కట్టుకుని చూస్తూ ఉండాల్సిందే.

రైలు కదలికలో భౌతికశాస్త్రం ఎంత కావాలి?

మీరు భయపడేంత కాదు. లాగే శక్తి, బ్రేకు, ఎత్తుపల్లాలు, వేగాన్ని బట్టి పెరిగే నిరోధం చాలు. నిరోధానికి 1926 నాటి డేవిస్ సూత్రాన్నే ఈనాటికీ రకరకాల రూపాల్లో వాడుతున్నారు. కూడలిలో వేగాలు తక్కువ కాబట్టి గాలి నిరోధం కంటే బ్రేకు విలువే ఎక్కువ తేడా తెస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి ప్రతి సెకనుకూ వేగాన్ని సెకనుకు 0.7 మీటర్ల చొప్పున తగ్గిస్తే రైలు 198 మీటర్లలో ఆగుతుంది. తడి పట్టాల మీద డ్రైవరు జాగ్రత్తపడి 0.5కి తగ్గితే 278 మీటర్లు కావాలి. వాన రోజును ప్రత్యేకంగా నడిపి చూడమనేది అందుకే.

ప్లాట్‌ఫారం మీద ఆగే సమయం ఎంత పెట్టాలి?

నా దృష్టిలో మొత్తం నమూనాకు ప్రాణం ఈ ఒక్క అంకె. దీన్ని ఒక్క అంకెగా పెట్టడమే మొదటి తప్పు.

నేను మొదట కట్టిన నమూనాలో ప్రతి లోకల్ రైలూ 45 సెకన్లు ఆగేది, టైంటేబుల్‌లో అలాగే ఉంది. ఫలితాలు ఎంతో బాగా వచ్చాయి. తర్వాత ఒక ఉదయం స్టాప్‌వాచీ పట్టుకుని మెట్ల పక్కన నిలబడ్డాను. చక్రాలు ఆగడం, తలుపులు తెరుచుకోవడం, దిగేవాళ్లు దిగడం, ఎక్కేవాళ్లు ఎక్కడం, తలుపులు మూసుకోవడం, చక్రాలు కదలడం విడివిడిగా రాసుకున్నాను. తలుపులు తెరుచుకోవడానికి, మూసుకుని తాళం పడటానికి, సిగ్నల్ చూసుకుని కదలడానికే పదిహేను సెకన్ల పైన పోయాయి. అంటే మనుషులకు మిగిలింది అరనిమిషం కంటే తక్కువ. మెట్లకు ఎదురుగా ఆగే పెట్టె దగ్గర జనం తోసుకుంటున్నారు, రెండు పెట్టెల అవతల తలుపు దగ్గర ఎవరూ లేరు. రైలు ఎంతసేపు ఆగాలో నిర్ణయించింది ఆ ఒక్క తలుపే. మిగతా తలుపులన్నీ దానికోసం ఎదురుచూశాయి. ఒకామె పిల్లల బండిని లోపలికి ఎత్తడానికి ఇద్దరు సాయం పట్టారు. ఆ రైలు 70 సెకన్లు దాటి ఆగింది.

ఇప్పుడు దీన్ని లెక్కలో పెట్టండి. గంటకు 24 రైళ్లంటే 150 సెకన్లకొకటి. ముందు రైలు కదిలాక వెనుక రైలు వచ్చి ఆగడానికి 90 సెకన్లు పడుతుందనుకుందాం. ఆగేది 45 సెకన్లయితే 15 సెకన్ల వెసులుబాటు ఉంటుంది. 60 అయితే ఏమీ లేదు. 70 అయితే ప్రతి రైలూ తన వెనుకదానికి పది సెకన్ల ఆలస్యాన్ని అంటగడుతుంది, ఆరు రైళ్లకు అది నిమిషమవుతుంది. ఆలస్యమైన రైలు కోసం ఎక్కువమంది చేరతారు, కాబట్టి అది ఇంకా ఎక్కువసేపు ఆగుతుంది. ఈ చక్రాన్ని మీ ప్రోగ్రాం చూపించగలగాలి. ఆగే సమయాన్ని స్థిరమైన భాగం, అత్యంత రద్దీ తలుపు దగ్గరి జనాన్ని బట్టి మారే భాగం అని రెండుగా విడదీస్తే చాలు, చూపిస్తుంది.

ఆలస్యాలను ఎలా ప్రవేశపెట్టాలి? ఎన్నిసార్లు నడపాలి?

బయటి నుంచి మోసుకొచ్చిన ఆలస్యం వేరు, కూడలిలో ఒక రైలు వల్ల మరో రైలుకు కలిగిన ఆలస్యం వేరు. మొదటిది మీరు లోపలికి ఇచ్చేది, రెండోది నమూనా బయటికి చెప్పాల్సింది. చాలామంది నిజ జీవితంలో నమోదైన మొత్తం ఆలస్యాలను తెచ్చి లోపలికి పోస్తారు. అప్పుడు కూడలి వల్ల కలిగిన ఆలస్యం రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. కూడలి సరిహద్దు దగ్గర రైలు ఎంత ఆలస్యంగా ప్రవేశించిందో అంతే తీసుకోండి.

చాలా రైళ్లు కొద్దిగా, కొన్ని రైళ్లు బాగా ఆలస్యమవుతాయి కాబట్టి, మెల్లగా సన్నబడే పొడవాటి తోక ఉన్న పంపిణీ నప్పుతుంది. అయిదుసార్లు నడిపి సగటు చెప్పకండి. యాభైకి తక్కువ కాకుండా, వీలైతే వంద నుంచి రెండు వందల సార్లు నడపండి. రెండు టైంటేబుళ్లను పోల్చేటప్పుడు రెండింటికీ అవే యాదృచ్ఛిక సంఖ్యలు ఇవ్వండి. అదే మంగళవారం, అదే వాన, అదే ఆలస్యం రెండింటికీ ఎదురుకావాలి. ఫలితం రాసేటప్పుడు సగటుతో పాటు పదింటిలో ఒక చెడ్డ ఉదయం ఎలా ఉంటుందో కూడా రాయండి. రోజూ ప్రయాణించేవాళ్లకు గుర్తుండిపోయేది ఆ ఉదయమే.

రైళ్ల మధ్య సంబంధాలు కూడా రాయాలా?

తప్పకుండా రాయాలి. 8:20కి వచ్చిన రేకే 8:32కి వేరే నంబరుతో బయలుదేరుతుంది. డ్రైవరు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, బ్రేకు పరీక్షించి సిద్ధం కావడానికి కనీసం 8 నిమిషాలు కావాలంటే, ఇక్కడున్న వెసులుబాటు 4 నిమిషాలు. అంతవరకు ఆలస్యాన్ని ఈ మలుపు మింగేస్తుంది. అయిదో నిమిషం నుంచి తిరుగు ప్రయాణానికి అంటుకుంటుంది. ఈ లంకెలు లేని నమూనాలో రైళ్లు ఎక్కడో పుట్టి ఎక్కడో ఆవిరైపోతాయి, ప్రతి బయలుదేరడమూ సమయానికే జరిగిపోతుంది. సిబ్బంది లంకెలు మొదట లేకపోయినా పరవాలేదు.

అన్ని రైళ్లూ ఒకదానికోసం మరొకటి నిలబడిపోయి సిమ్యులేషన్ ఆగిపోతోంది. ఏం చేయాలి?

ఇది ప్రతి ఒక్కరికీ ఎదురవుతుంది. 3వ ప్లాట్‌ఫారంలో ఉన్న రైలు బయటికి పోవాలి. అదే ప్లాట్‌ఫారానికి రావాల్సిన మరో రైలును మీ ప్రోగ్రాం గొంతు దాకా రానిచ్చింది. లోపలి రైలుకు బయటికి దారి లేదు, బయటి రైలుకు లోపల చోటు లేదు. సిగ్నల్ క్యాబిన్‌లో అనుభవమున్న మనిషి రెండు మూడు కదలికలు ముందుకు చూసి, ఆ రైలును దూరంగానే ఆపేవాడు. ప్రోగ్రాం ఒక్క అడుగే చూసింది.

తేలికైన మందు ఒకటుంది. ఒక రైలును రెండు దిశల్లోనూ వాడే ముక్క మీదికి అనుమతించే ముందు, అది చివరికి నిలబడే చోటు ఖాళీగా ఉందో లేదో చూడాలి. లేకపోతే ఎదురెదురు దారులు లేని చోటే ఆపాలి. ఇంకా గట్టిగా కావాలంటే కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా ప్రతిపాదించిన బ్యాంకరు పద్ధతిని అన్వయించవచ్చు. ఒక అనుమతి ఇచ్చాక కూడా అన్ని రైళ్లూ ఏదో ఒక వరుసలో బయటపడగలవా అని ముందే పరీక్షించే పద్ధతి అది. నేను తేలికైన మందుతో మొదలుపెట్టమనే చెబుతాను. ఇరుక్కుపోయిన ప్రతిసారీ తెర బొమ్మను దాచిపెట్టుకోండి. అదే ముడి మళ్లీ మళ్లీ కనిపిస్తే అది మీ ప్రోగ్రాం తప్పు కాకపోవచ్చు, ఆ పట్టాల అమరికలోనే లోపం ఉండవచ్చు.

ఏ రైలును ముందు వదలాలో ఏ నియమంతో నిర్ణయించాలి?

ముందు వచ్చినదానికి ముందు దారి అనే నియమంతో మొదలుపెట్టండి. ఇది అనుకున్నంత చెడ్డది కాదు. తర్వాత టైంటేబుల్ వరుసను పాటించడం, పెద్ద రైళ్లకు ప్రాధాన్యం ఇవ్వడం చేర్చి చూడండి. దూరప్రాంత రైలుకు గుడ్డిగా ప్రాధాన్యమిస్తే, దానికోసం మూడు లోకల్ రైళ్లు గొంతు బయట నిలబడిపోవడం మీరే చూస్తారు.

సామర్థ్యాన్ని ఒక్క అంకెలో చెప్పవచ్చా?

చెప్పవచ్చు, జాగ్రత్తగా. 1959లో జర్మనీలో ఓస్కార్ హాప్పెల్ వివరించిన పద్ధతిలో, రైలు ఒక ముక్క మీద ఉన్న సమయాన్ని మాత్రమే కాక, ఆ ముక్క దానికోసం కేటాయించి ఉన్న సమయమంతా లెక్కిస్తారు. దారి వేయడం, డ్రైవరు చూడటం, సిగ్నల్ దాకా రావడం, ముక్కను దాటడం, తోక బయటపడటం, విడుదల కావడం అన్నీ కలిపి. ప్రతి రైలుకు ఇలాంటి గడులను మెట్లలా పేర్చి, గడులు తాకేదాకా దగ్గరికి జరిపితే గంటలో ఎంత భాగం నిండిందో తెలుస్తుంది.

అంతర్జాతీయ రైల్వే సంఘం 2004లో వెలువరించిన యూఐసీ 406 పత్రం ఈ లెక్కకే ప్రసిద్ధి. లోకల్ రైళ్లకే కేటాయించిన లైనులో రద్దీ గంటకు 85 శాతం, రకరకాల రైళ్లు కలిసి నడిచే లైనులో 75 శాతం దాకా నింపవచ్చని అది సూచించింది. మిగతాది ఖాళీగా పోతున్న స్థలం కాదు, ఆలస్యాలు కరిగిపోవడానికి కావలసిన చోటు. అయితే ఈ అంకెలు లైన్లకు ఉద్దేశించినవి. గొంతుకు నేరుగా అతికించేముందు, ఒకేసారి సాగగల కదలికలు ఎన్నో చూసుకోవాలి.

ఫలితాలను నమ్మవచ్చా?

జర్మనీలోని స్టుట్‌గార్ట్ ఉదంతం తెలుసుకోవాల్సినది. అక్కడ 16 ప్లాట్‌ఫారం లైన్లున్న పాత స్టేషన్ స్థానంలో, భూమి కింద 8 లైన్లతో, రైళ్లు నేరుగా సాగిపోయే కొత్త స్టేషన్ కట్టాలన్న ప్రణాళిక మీద నగరం రెండుగా చీలింది. 2010లో హైనర్ గైస్లర్ మధ్యవర్తిత్వంలో జరిగిన చర్చల చివర, సామర్థ్యాన్ని సిమ్యులేషన్‌తో నిరూపించాలని తేల్చారు. రద్దీ గంటలో 49 రైళ్లు నడిపి చూపాలి. రైల్వే సంస్థ ఆ పరీక్ష నడిపింది, స్విట్జర్లాండ్‌కు చెందిన ఎస్‌ఎంఏ సంస్థ దాన్ని తనిఖీ చేసింది, 2011 జులైలో ఫలితాన్ని బహిరంగంగా చర్చించారు. పరీక్ష నెగ్గినట్టే తేలింది. అయినా వివాదం ఆగలేదు. వ్యతిరేకులు వేలుపెట్టి చూపింది ప్రోగ్రాంను కాదు, దానికి ఇచ్చిన ఆగే సమయాలను, ప్రవేశ ఆలస్యాలను.

మీ నమూనాకూ ఇదే వర్తిస్తుంది. ముందు ఇప్పుడున్న టైంటేబుల్‌ను, ఇప్పుడున్న పట్టాల మీద నడిపి, నిజంగా నమోదైన ఆలస్యాలతో పోల్చండి. అక్కడ సరిపోలని నమూనాతో రేపటి స్టేషన్ గురించి ఏమీ చెప్పకండి. మీరు ఊహించుకున్న ప్రతి అంకెనూ ఒక పట్టికలో విడిగా రాసి ఫలితంతో పాటే ఇవ్వండి.

దీనితో భద్రత కూడా నిరూపించవచ్చా?

లేదు. నమూనాలో ఇంటర్‌లాకింగ్ ఎప్పుడూ తప్పు చేయదని ముందే ఒప్పుకుంటాం. 1988 డిసెంబరు 12న లండన్‌లోని క్లాపం జంక్షన్ దగ్గర రైళ్లు ఢీకొని 35 మంది చనిపోయారు. కొత్త సిగ్నల్ పనుల్లో తొలగించకుండా వదిలేసిన పాత తీగ ఒకటి తాకడం వల్ల, ఎరుపు చూపాల్సిన సిగ్నల్ ఎరుపు చూపలేదు. ఏ టైంటేబుల్ సిమ్యులేషన్‌లోనూ ఆ తీగ ఉండదు. దానికి వేరే పరీక్షలు, వేరే మనుషులు ఉన్నారు.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

వృత్తిగా చేసేవారు ఎక్కువగా ఓపెన్‌ట్రాక్, రైల్‌సిస్ వాడతారు. ఓపెన్‌ట్రాక్ 1990లలో జ్యూరిచ్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయంలో పరిశోధనగా మొదలైంది. సోర్సు తెరిచి చూడాలనుకుంటే ఫ్రాన్స్ రైల్వేల చొరవతో వచ్చిన ఓఎస్‌ఆర్‌డీ ఉంది. సిగ్నల్ క్యాబిన్‌లో కూర్చున్న అనుభవం కావాలంటే బ్రిటన్ ప్రాంతాలను అనుకరించే సిమ్‌సిగ్ మంచిది. సొంతంగా రాసుకునేవారికి పైథాన్‌లో సింపై లైబ్రరీ చాలు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

రెండు ప్లాట్‌ఫారాలు, వచ్చే లైను ఒకటి, పోయే లైను ఒకటి, మధ్యలో ఒకదాన్నొకటి కోసుకునే రెండు అడ్డదారులు. దీన్ని కాగితం మీద గీయండి. ప్రతి పట్టా ముక్కకూ పేరు పెట్టండి. సాధ్యమైన దారులన్నీ రాసి, ఏ రెండు కలిసి సాగవో పట్టిక వేయండి. ఈ బొమ్మలో దారులు నాలుగే ఉంటాయి. గంటకు ఆరు రైళ్లతో నడిపి, తర్వాత ఎనిమిది, పది చేయండి. ఆలస్యం మెల్లగా పెరుగుతూ వచ్చి, ఒక చోట ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఆ చోటుకు కారణమైన ముక్క ఏదో వేలితో చూపగలిగాక మూడో ప్లాట్‌ఫారం గీయండి.